తుర్రంఖాన్ మిగిలాడు, మౌల్వీ ఏమయ్యాడు?

నల్లనీళ్ల దారి – చరిత్ర ధారావాహిక – 6వ భాగం

(గత భాగంలో: 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ దీవి మీద తొలి ఇంగ్లీషు స్థావరం వేశాడు. మూడేళ్లకు దాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడి జ్వరాలకు తట్టుకోలేక 1796లో మొత్తంగా ఎత్తేశారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషువాళ్లు ఆ దీవుల్లో మళ్లీ ఊరు కట్టలేదు.)

మా ఇంటి నుంచి ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక. అండమాన్ ప్రయాణానికి వారం రోజుల ముందు, ఒక ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్ వైపు రైలెక్కాను. ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ దాటాక ఆరో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ దిగి కోఠీ వైపు నడిచాను. “దీవులకి పోతూ కోఠీలో ఏం కొంటావు?” అంది మా ఆవిడ, బయల్దేరేటప్పుడు. కొనడానికి కాదు. అండమాన్ కథలో మన నగరం వంతు ఆ వీధిలోనే మొదలైంది. ముందు అది చూసుకుని వెళ్దామని.

అసలు మా పేట పేరే ఒక చిన్న చరిత్ర పాఠం. నిజాం కొలువులో మంత్రిగా పనిచేసిన నవాబు ఫక్రుల్‌ముల్క్ ఇక్కడి గుట్ట మీద ఒక పెద్ద మేడ కట్టించాడు. దానికి ‘ఇరమ్ మంజిల్’ అని పేరు పెట్టాడు. పారసీ సంప్రదాయంలో ఇరమ్ అంటే స్వర్గంలాంటి తోట. గుట్టకు తెలుగులో ‘ఎర్ర’ అన్న పేరు అప్పటికే ఉంది గనుక, దానికి అతికేలా ఆ మాట ఏరుకున్నాడంటారు. నవాబు ఉద్దేశం ఎలా ఉన్నా జనం నోట్లో ఇరమ్ ఎర్ర అయింది. స్వర్గం పోయి రంగు మిగిలింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఆ మేడను పడగొట్టాలనుకున్నప్పుడు ఊళ్లో చాలామంది గొడవపెట్టారు, కోర్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు అడ్డుపడింది. పేరు అందరి నోట్లో నలుగుతున్న చోటు కాబట్టి, దానికేదో అవుతోందంటే కనీసం నలుగురికి తెలిసింది.

నోట్లో నలిగిన పేరు నిలబడుతుంది, నలగనిది పోతుంది. ఈ భాగమంతా ఆ మాట మీదే నడుస్తుంది.

పుత్లీబౌలి వైపు గోడ

మీరెప్పుడైనా ఎవరినైనా “పెద్ద తుర్రంఖాన్‌వి బయల్దేరావు” అని ఉంటారు. అనకపోతే అనిపించుకునైనా ఉంటారు. ఆ తుర్రంఖాన్ బేగంబజారు తుర్రేబాజ్ ఖానేనని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆయన పేరును ఎద్దేవాకి వాడుకుంటున్నాం గానీ, ఆయన చేసిన పని ఎద్దేవా చేసేది కాదు.

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అదే నెలలో ఇక్కడ నిజాం నాసిరుద్దౌలా చనిపోయి, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాన్ మొదటి సాలార్‌జంగ్. దర్బారులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి, అంటే రెసిడెంటు, కల్నల్ డేవిడ్సన్. కొత్త నవాబు, కుదురుకోని దర్బారు, ఉత్తరాది నుంచి రోజుకో వార్త. మసీదుల్లో, బజార్లలో ‘మన నవాబు ఎటువైపు’ అన్న ప్రశ్నే. సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షాన గట్టిగా నిలబడ్డాడు.

అలాంటి సమయంలో చీదా ఖాన్ అనే జమేదారు కొందరు సిపాయిలతో కలిసి ఇంగ్లీషు కొలువు వదిలేసి, నిజాం ఆదుకుంటాడన్న ఆశతో హైదరాబాదు చేరాడు. దివాన్ వాళ్లను పట్టించి రెసిడెన్సీకి అప్పజెప్పాడు. ఆ వార్త ఊరంతా పాకింది. జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక జనం పోగయ్యారు. ఖైదీలను విడిపించాల్సిందేనన్నారు. సాయంత్రానికి సుమారు ఐదువందల మంది రోహిల్లాలు, వాళ్ల వెనక ఊరి జనం, మూసీ దాటి రెసిడెన్సీ మీదికి నడిచారు. ముందున్నది ఇద్దరు: తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. ఒకరు కత్తి పట్టినవాడు, ఇంకొకరు కితాబు పట్టినవాడు.

రెసిడెన్సీ పడమటి వైపు, పుత్లీబౌలి దగ్గర, అబ్బన్ సాహెబ్, జయగోపాల్‌దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇళ్లుండేవి. దాడికొచ్చినవాళ్లు ఆ మేడలెక్కి అక్కడి నుంచి తుపాకులు పేల్చారు. తోట గోడను కొంత పగలగొట్టారు. కానీ సాలార్‌జంగ్ కబురు ముందే అందింది. లోపల మద్రాసు ఫిరంగిదళం సిద్ధంగా ఉంది. ఇటు తుపాకులు, అటు ఫిరంగులు. రాత్రంతా నడిచిన పోరు తెల్లవారుజాముకల్లా ముగిసింది. మిగిలినవాళ్లు చీకట్లో చెదిరిపోయారు.

ఆ ఆదివారం నేను నిలబడ్డ చోట ఇప్పుడు బట్టల కొట్లు, ఆటోలు, పాత పుస్తకాల బేరగాళ్లు. మీరు పుస్తకం బేరమాడుతూ వెనక్కి తిరిగితే కనబడే ఆ తెల్లటి స్తంభాల భవనమే రెసిడెన్సీ. స్వాతంత్ర్యం వచ్చాక అది కోఠీ మహిళా కళాశాల అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. 1857 పోరాటానికి గుర్తుగా కోఠీలో ఒక స్మారకం ఉంది. దాని నీడలో కూర్చుని ఒకాయన చెరుకురసం తాగుతున్నాడు. ఎవరి స్మారకమని అడిగాను. “తుర్రేబాజ్ ఖాన్ అట సార్” అన్నాడు. మౌల్వీ పేరు చెప్పాను. “ఆయనెవరు?” అన్నాడు.

హైదరాబాదుకు సముద్రం లేదు

ఇద్దరికీ పడింది ఒకటే శిక్ష: ద్వీపాంతరవాసం. బతికినన్నాళ్లు అండమాన్‌లో ఉండాలి. తుర్రేబాజ్ తొందరగానే దొరికాడు, విచారణ జరిగింది, శిక్ష పడింది. పంపేలోగా 1859 జనవరి 18న కాపలా కళ్లుగప్పి తప్పించుకున్నాడు. తలకు ఐదువేల రూపాయల వెల కట్టారు. ఆరు రోజులకు, జనవరి 24న, తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని ఊరికి తెచ్చి, అందరూ చూసేలా వేలాడదీశారు. జనం భయపడాలని చేసిన పని అది. భయపడ్డారో లేదో గానీ, చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పుకున్నారు. పిల్లలు విన్నారు. ఆ పేరు గల్లీల్లో పడి అరిగి అరిగి, చివరికి ‘తుర్రం’ అయి మన దాకా వచ్చింది.

మౌల్వీ అలావుద్దీన్ చాలాకాలం తప్పించుకు తిరిగాడు. చివరికి పట్టుబడ్డాడు. 1859 జూన్ 28న ఆయన్ను అండమాన్‌కు పంపించేశారు. మళ్లీ హైదరాబాదు చూడలేదు. అక్కడే కన్నుమూశాడు.

ఈ శిక్ష గురించి ఒక మాట. నల్లనీళ్లు దాటితే కులం పోతుందన్న భయం హిందూ సిపాయిలకు ఉండేది. ‘కాలాపానీ’ అన్న పేరులోని వణుకు చాలావరకు అక్కడిదే. మౌల్వీకి ఆ భయం ఉండాల్సిన పని లేదు. హజ్‌కు వెళ్లేవాళ్లు దాటేదీ సముద్రమే కదా. మరి ఆయనకు శిక్ష ఎక్కడ? శవం కూడా తిరిగి రాదు. సమాధి ఎక్కడో ఇంట్లోవాళ్లకు తెలియదు. వర్ధంతికి తేదీ ఉండదు. తుర్రేబాజ్‌ను చంపి వేలాడదీసి, చూడమన్నారు. మౌల్వీని మాత్రం ఎవరికీ కనబడకుండా చేశారు. రెండోది ఎక్కువ పనిచేసింది. అందుకు సాక్ష్యం కోఠీలో చెరుకురసం తాగుతున్న ఆ పెద్దమనిషే.

మా అమ్మమ్మ ద్వీపాంతరాన్ని ‘దీపాంతరం’ అనేది. ఊరొదిలి పోయి కబురు లేనివాడిని “దీపాంతరం పోయినట్టు పోయాడు” అనేది. ద్వీపం అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. దీపం తెలుసు. అది ఆరిపోవడమూ తెలుసు.

జైలు లేని జైలు

శంషాబాదులో విమానమెక్కితే రెండున్నర గంటల్లో దీవులు. కిటికీలోంచి చూస్తే ముందు ముదురు నీలం, తర్వాత నెమలిపింఛం రంగు, ఆ మధ్య పచ్చటి ముద్దలు. పర్యాటక శాఖ పోస్టర్లలో కనబడేది అబద్ధం కాదు. ఐదొందలకు పైగా దీవులు, మనుషులున్నవి ముప్పై పైచిలుకు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మార్చారు గానీ, ఆటోవాళ్లింకా పాత పేరే అంటున్నారు. సాయంత్రం ఐదు దాటిందో లేదో చీకటి పడిపోయింది. మన గడియారమే, ఆకాశం మాత్రం బర్మాది.

మర్నాడు పొద్దున అబర్డీన్ రేవులో రాస్ దీవికి పడవెక్కాం. 2018 నుంచి దాని అధికారిక పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పావుగంట ప్రయాణం. మా ఆవిడతో నేను మాట్లాడుతుంటే చుక్కాని దగ్గరున్న నడివయసాయన ఇటు తిరిగాడు.

“ఏ ఊరండి బాబూ మీది?”

హైదరాబాదని చెప్పాను. “మాదీ తెలుగేనండి. మా తాతది సిక్కోలు జిల్లా. వల బుజానేసుకుని వొచ్చీసినాడు. మా నాయిన ఇక్కడే పుట్టినాడు, నానూ ఇక్కడే.”

“ఊరికి వెళ్తుంటారా?”

“పండక్కో పెళ్లికో. ఇశాపట్నం ఓడ దొరికితే మూడ్రోజులు.” తర్వాత నవ్వి, “మీరేటి సూడ్డానికొచ్చినారు? ముందు జైలు సూస్తారు గదా అందరూ,” అన్నాడు.

ఒక సాయిబు కోసం వచ్చానన్నాను. 1859లో వచ్చినాయన అని చెప్పాను. ఆయన కాసేపు నీళ్లకేసి చూసి, “అప్పటికి జైలు లేదండి,” అన్నాడు.

ఈ మాట చాలామందికి తెలియదు. అండమాన్ అనగానే సెల్యులార్ జైలు గుర్తొస్తుంది గనుక, 1857 వీరులందరినీ ఆ కొట్లలోనే పడేశారని అనుకుంటాం. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో. మౌల్వీ వచ్చి అప్పటికి ముప్పై ఏడేళ్లు. తొలి ఖైదీలు వచ్చేనాటికి ఇక్కడ గోడంటూ లేదు. 1858 మార్చి 10న ఆగ్రా జైలు అధికారిగా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్, ‘సెమిరామిస్’ అనే ఓడలో రెండువందల మంది ఖైదీలతో దిగాడు. ముందు చాథమ్ దీవి. అక్కడ తాగునీరు చాలక రాస్ మీదికి మారారు. కాళ్లకు గొలుసులతో అడవి నరికారు. తాము ఉండే కొట్టాలు తామే వేసుకున్నారు, దొరలకు బంగళాలు కట్టారు. నలువైపులా ఉన్న సముద్రమే జైలు.

తొలి నెలల్లోనే పదులకొద్దీ మంది పారిపోయారు. అడవి దాటితే బర్మా వస్తుందని కొందరు నమ్మారట. ఆకలికి కొందరు, ఆదివాసుల బాణాలకు కొందరు పోయారు. దొరికినవాళ్లలో ఎనభైకి పైగా మందిని వాకర్ ఉరి తీయించాడు. ఇలా ఉరేస్తూ పోతే ఎలాగని పైవాళ్లే ఆయన్ను మందలించాల్సి వచ్చింది.

పారిపోయినవాళ్లలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఉన్నాడు. ఆదివాసులు అతన్ని చంపకుండా చేరదీశారు. ఏడాది పాటు వాళ్లతో తిరిగాడు, వాళ్ల పిల్లనే పెళ్లాడాడు. 1859 మేలో వాళ్లు ఇంగ్లీషు స్థావరం మీద దాడికి సిద్ధమవుతున్నారని తెలిసి, ముందే పరుగెత్తుకొచ్చి చెప్పేశాడు. బాణాలు పట్టిన ఆ మనుషులను తుపాకులతో కొట్టారు. దాన్నే అబర్డీన్ యుద్ధం అంటారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. మౌల్వీ హైదరాబాదు నుంచి బయల్దేరింది ఇది జరిగిన ఆరు వారాలకు.

ఇక్కడొకటి దాచకుండా చెప్పాలి. మనకు వీళ్లంతా వీరులు. ఆ దీవుల అసలు మనుషులకు మాత్రం, గొలుసులున్నా లేకపోయినా, వచ్చినవాళ్లందరూ అడవి నరికేవాళ్లే. వాళ్లతో పాటు తట్టు, జ్వరాలు, సుఖవ్యాధులు వచ్చాయి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఇవాళ పదుల్లోకి వచ్చారు. రెసిడెన్సీ మీద తుపాకీ ఎక్కుపెట్టిన చేతులకే ఇక్కడ గొడ్డలి ఇచ్చి, ఇంకొకరి ఇల్లు నరికించారు.

రాస్ మీద ఇప్పుడు జింకలు మీ చేతిలో గడ్డి పెడితే తింటాయి. నెమళ్లు అడ్డొస్తాయి. ఒకప్పుడు ఇది దీవుల రాజధాని. కమిషనర్ బంగళా, చర్చి, రొట్టెల కొలిమి, నాట్యశాల అన్నీ ఉండేవి. 1941 జూన్‌లో భూకంపం వచ్చింది, మరుసటేడు మార్చిలో జపాన్‌వాళ్లు వచ్చారు, ఆ వైభవం అంతటితో సరి. మేడల గోడలను ఇప్పుడు మర్రిజాతి చెట్ల వేళ్లు కావలించుకుని ఉన్నాయి. ఒక గోడ దగ్గర ఆగి చూశాను. ఇటుకల మధ్య సున్నం రాలిపోయి, ఆ సందుల్లో వేరు దూరి, ఇటుకను ఇటుక నుంచి వేలెడు దూరం జరిపింది. అయినా గోడ కూలలేదు, వేరే దాన్ని పట్టుకుని ఉంది. ఆ ఇటుక మోసింది ఎవరో, ఏ ఊరివాడో! మౌల్వీ ఈ మెట్లెక్కాడో లేదో. ఆయన కాలపు ఖైదీలు మసిలిన చోట్లు మాత్రం ఇవే: చాథమ్, రాస్, వైపర్, ఎదుటి ఒడ్డు.

ఏడు రెక్కల కోట

మధ్యాహ్నం జైలుకు వెళ్లాం. నడిమి బురుజు చుట్టూ ఏడు రెక్కలు, ఒక్కోటి మూడంతస్తులు. 1906 నాటికి పూర్తయింది. దాదాపు ఏడువందల కొట్లు. ఒక రెక్క ముఖం పక్క రెక్క వీపును చూసేలా కట్టారు గనుక ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడదు. ఏడింట్లో మూడు రెక్కలే మిగిలాయి. మిగతా స్థలంలో ప్రభుత్వాసుపత్రి ఉంది. 1979 ఫిబ్రవరి 11న దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఒక కొట్లోకి వెళ్లి నిలబడ్డాను. పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడు. మా ఎర్రమంజిల్ ఇంట్లో వంటగది ఇంతకన్నా కొంచెం పెద్దది. వెనకగోడ మీద, చెయ్యి ఎత్తినా అందనంత ఎత్తున, చిన్న గవాక్షం. అన్నిటికంటే నన్ను ఆపింది తలుపు గడియ. అది తలుపు దగ్గర ఆగదు. పొడుగాటి ఇనపకమ్మీ గోడ వెంబడి సాగి, దూరంగా గోడలో తొలిచిన గూట్లోకి వెళ్లి, అక్కడ తాళం పడుతుంది. లోపలివాడు ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా వేళ్ల కొస కూడా తగలదు. నేను చాపి చూశాను. మూరెడు తక్కువ పడింది. కట్టినవాడు మనిషి చేతి పొడవు కొలుచుకుని మరీ కట్టాడు.

కింద పెరట్లో గానుగ నమూనా ఉంది. ఎద్దు తిరగాల్సిన చోట మనిషి. రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడున్నర కిలోలు. తీయకపోతే దెబ్బలు, నిలువు సంకెళ్లు. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష చేస్తే గొట్టంతో బలవంతాన పాలు పట్టబోయి ముగ్గురి ప్రాణాలు తీశారు: మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్ర. 1937 జూలైలో మళ్లీ దీక్ష మొదలైంది. దేశమంతా కదిలింది. 1938 మొదలయ్యేసరికి రాజకీయ ఖైదీలను మాతృభూమికి తరలించేశారు.

పాలరాతి పలకల మీద రాష్ట్రాల వారీగా పేర్లున్నాయి. బెంగాల్ పేర్లు చదువుతుంటే మెడ నొప్పి పుడుతుంది. మనవాళ్ల కోసం ‘మద్రాసు’ కింద వెతుక్కోవాలి.

రంప కొండల నుంచి

తెలుగు నేల నుంచి ఈ దీవులకు అందరికంటే ఎక్కువ బాధతో వచ్చినవాళ్లు కోఠీ వీధుల నుంచి కాదు, గోదావరి మన్యం నుంచి. 1879 మార్చిలో రంప తిరగబడింది. కొండవాళ్లు ఇంట్లో తాగే చిగురుకల్లు మీద పన్ను, ఆ కొండలను ఏలే మన్సబ్‌దారు వసూళ్లు, కోర్టు పేరుతో షావుకార్ల దోపిడీ కారణాలు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ముందు నిలిచారు. మద్రాసు సైన్యం ఆరు పటాలాలను పంపింది. అవి చాలక హైదరాబాదు కంటింజెంటు నుంచి ఒక పటాలం వెళ్లింది.

ఈ వాక్యం రాసి కాసేపు కలం కింద పెట్టాను. 1859లో హైదరాబాదు నుంచి ఒక తిరుగుబాటుదారు అండమాన్ వెళ్లాడు. ఇరవై ఏళ్లకు హైదరాబాదు పేరున్న పటాలమే ఇంకో తిరుగుబాటును అణచడానికి వెళ్లింది. ఆ కొండల నుంచి పెద్ద సంఖ్యలో మనుషులను అండమాన్‌కు పంపేశారు. సముద్రం అనే మాటే పాటల్లో తప్ప వినని కొండరెడ్లు, కోయలు ఓడ అడుగున కూర్చుని వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు పలకల మీద లేవు.

నలభై మూడేళ్ల తర్వాత అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చేశారు. కథ అక్కడితో ముగిసిందనుకుంటాం, సినిమా అక్కడ ముగుస్తుంది గనుక. ఆయన అనుచరుల్లో పలువురికి ద్వీపాంతరం పడింది. వాళ్లలో గాం మల్లుదొర ఒకడు. 1923లో దొరికాడు, అండమాన్ చేరాడు, 1937లో విడుదలయ్యాడు. 1952లో తొలి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి ఢిల్లీ వెళ్లాడు. గడియ అందని కొట్లోంచి పార్లమెంటు దాకా నడిచిన కొండదొర! బళ్లో మన పిల్లలకు ఆ పేరు ఎంతమందికి చెప్పాం?

1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడి ఇక్కడికొచ్చిన ప్రతివాది భయంకరం వెంకటాచారి ఇంకొకడు. ఆయన కథ విడిగా ఒక భాగం అవుతుంది, రాస్తాను.

వలతో వచ్చినవాళ్లు

శిక్ష అయ్యాక అందరూ వెనక్కి వెళ్లలేదు. నడత బాగుందనుకున్న ఖైదీలకు కొన్నేళ్ల తర్వాత భూమి ఇచ్చి సేద్యం చేసుకోనిచ్చేవాళ్లు, ఆడఖైదీలను పెళ్లాడనిచ్చేవాళ్లు. ఆ పెళ్లిళ్ల వల్లే షాదీపూర్‌కి ఆ పేరొచ్చిందంటారు. వాళ్ల పిల్లలు ‘లోకల్ బార్న్’ అయ్యారు. పంజాబీ తండ్రి, బెంగాలీ తల్లి, ఇంట్లో హిందుస్తానీ. కులం పోతుందని భయపెట్టిన చోటే కులం పెద్దగా అడగని ఒక సమాజం పుట్టింది. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు మాప్పిళ్లలు వస్తూ మంజేరి, కాలికట్ అన్న ఊరి పేర్లు వెంట తెచ్చుకున్నారు.

తెలుగువాళ్లు పెద్దగా వచ్చింది స్వాతంత్ర్యం తర్వాత. ఉత్తరాంధ్ర తీరం నుంచి, వల భుజాన వేసుకుని, బతుకుతెరువు కోసం. మా పడవాయన తాత అలాంటివాడే. 2011 జనాభా లెక్కల్లో దీవుల్లో నూటికి పదముగ్గురి ఇంటి భాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. సాయంత్రం జంగ్లీఘాట్ రేవుకు వెళ్తే చేపల బేరం అచ్చ సిక్కోలు యాసలో వినబడింది. “ఈ వంజరం నిన్నటిది కాదు తల్లీ, కన్ను సూడు” అంటోంది ఒకావిడ. చేప కన్ను నిజంగానే గాజుపూసలా మెరుస్తోంది. ఒకప్పుడు సర్కారు బలవంతాన తోసిన చోటికి వీళ్లు టికెట్ కొనుక్కుని వచ్చారు. నల్లనీళ్లన్న మాట ఆవిడకు చెబితే నవ్వుతుంది. ఆవిడకు అవి వంజరం దొరికే నీళ్లు.

మర్నాడు ఇంకో దీవికి వెళ్లేటప్పుడు రేవులో మళ్లీ ఆ పడవాయనే కనిపించాడు.

“మీరెతుకుతున్న సాయిబు దొరికినాడా బాబూ?”

లేదన్నాను. ఏ పలక మీదా నా కంట పడలేదన్నాను.

“పేరేటన్నారు?”

“మౌల్వీ అలావుద్దీన్. హైదరాబాదు.”

“అల్లావుద్దీను,” అన్నాడాయన, ఒత్తు తనే చేర్చి. “రోజూ నలుగురైదుగురు మన తెలుగోళ్లు ఎక్కుతారండి నా పడవ. సెప్తాన్లెండి.”

ఇరమ్ ఎర్ర అయినట్టు, తుర్రేబాజ్ తుర్రం అయినట్టు, ఆ పేరు అక్కడ మొదటిసారి ఒక తెలుగు నోట్లో పడి కొంచెం మారింది. మారితే మారనివ్వండి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో ‘దీపాంతరం పోయాడు’ అనిపించుకున్న మనిషి ఎవరైనా ఉంటే, ఆ పేరు, ఊరు, ఏడాది తెలిసినంతవరకు ఒక కార్డు ముక్క మీద రాసి పత్రికకు పంపండి. ముఖ్యంగా తూర్పు మన్యంవాళ్లు. తాతమ్మలున్నవాళ్లు ఈ వారమే అడగండి, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. అండమాన్ వెళ్లేవాళ్లు పగడాలు చూడండి, రాధానగర్ ఇసుకలో నడవండి, తప్పులేదు. రాస్ దీవికి పడవెక్కినప్పుడు మాత్రం 1859 జూన్ 28న హైదరాబాదు వదిలిన మనిషి పేరు ఒక్కసారి పైకి అనండి.

(సశేషం)